చుక్కావు ముహూర్తం

వామనశర్మ గోళ్లు తీసుకోవాలన్నా పంచాంగం చూసేవాడు. బావిలో పూడిక తీయడానికి, పసిపిల్లలకు అన్నం ముట్టించడానికి, కొత్త బండి ఎక్కడానికి చుట్టుపక్కల పల్లెలవాళ్లు అతని దగ్గరికే వచ్చేవాళ్లు. తాను పెట్టిన ముహూర్తం ఇంతవరకు తప్పలేదని అతనికి గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఒక ఆవు వచ్చి తొక్కేసింది.

శర్మ ఉండేది కొండ కింద, భైరవయ్యస్వామి ఆశ్రమంలో. ఆశ్రమమంటే మరీ పెద్దదేమీ కాదు. నాలుగు పాకలు, ఒక పశువుల కొట్టం, ఆరేడుగురు శిష్యులు, వాళ్లందరికీ వండిపెట్టే మంగతాయారమ్మ. స్వామి ఎక్కువగా మాట్లాడేవారు కాదు. మాట్లాడితే మాత్రం పక్కనున్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. ఆ మాట ఎవరికి తగిలిందో ఆ మనిషి మటుకు రెండుమూడు రోజులు పోయాక నవ్వేవాడు.

పాలమ్ముకుని బతికే నాగులమ్మ ఆషాఢంలో తన చుక్కావును తోలుకొచ్చి స్వామి ముందు కూలబడి ఏడ్చింది. ఆవు వట్టిపోయి చాలా కాలమైంది. రెండుసార్లు ఆబోతుకు దాటించినా చూలు నిలవలేదు. దసరాలోగా ఏదో ఒకటి తేలకపోతే సంతకు తోలేస్తానని మరిది పోరు పెడుతున్నాడు. అలాంటి ఆవును సంతలో ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో ఆమెకు తెలుసు. మొగుడు పోయాక ఆమె ఇల్లు నడిపింది ఆ ఆవే. మంచి గడియలో దాటిస్తే నిలుస్తుందేమోనని ఆమె ఆశ.

స్వామి ఆవు వెన్ను నిమిరారు. ఎముకలు చేతికి తగిలాయి. కొట్టంలో కట్టేసి కడుపునిండా పచ్చగడ్డి వేయమన్నారు. మంచి గడియ సంగతి అడిగితే శర్మ వైపు చూపించారు.

శర్మ పొంగిపోయాడు. అయితే ఆషాఢం శూన్యమాసం కాబట్టి ఆ నెల ఆగాలన్నాడు. ఆ నెలలోనే ఒక తెల్లవారుజామున ఆవు తోక ఎత్తి అరిచింది, పక్కనున్న ఆవు మీదికి ఎక్కబోయింది. ఎదకొచ్చిందని నాగులమ్మ పరిగెత్తుకొస్తే, శర్మ వేలెత్తి ఇది ఏ మాసమో గుర్తుచేశాడు.

శ్రావణం రాగానే ముహూర్తం పెట్టాడు. ఆవుకు స్నానం చేయించి, కొమ్ములకు పసుపు రాసి, మంత్రాలు చదువుకుంటూ తానే గొల్లపల్లెకు నడిపించాడు. అక్కడ లింగమయ్య పెంచుకునే ఆబోతు దగ్గరికొచ్చి ఆవును ఒకసారి వాసన చూసింది. తర్వాత మొహం తిప్పుకుని మేతకు పోయింది. ఆవు కూడా దాన్ని పిలవని పేరంటానికొచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. స్వామి శిష్యుడితో మనకెందుకని లింగమయ్య తల గోక్కుని ఊరుకున్నాడు. రెండోసారి ఇంకా గొప్ప లగ్నం దొరికింది. ఈసారి ఆబోతు పడుకున్నచోటు నుంచి లేవనైనా లేవలేదు.

ఆబోతు జాతకంలోనే ఏదో దోషముందని శర్మ తేల్చాడు. దానికి శాంతి చేయిస్తే మంచిదని కూడా అన్నాడు.

శ్రావణం చివర్లో ఒక మంగళవారం చుక్కావు చీకటి విడవకముందే అరవడం మొదలుపెట్టింది. ఈపాటికి మంచి మేత తిని కాస్త ఒళ్లు చేసింది, గొంతు కూడా పెరిగింది. ఆశ్రమంలో ఎవరి ధ్యానమూ సాగలేదు. కొట్టం ఊడవడానికొచ్చిన నాగులమ్మ ఆ చీపురుతోనే శర్మ దగ్గరికి వచ్చింది.

"సామీ, తెల్లారకముందు నుంచి ఒకటే అరుస్తాండాది. మేత ముట్టల్యా. ఇయ్యాలే తోల్కపోదామా?"

శర్మ జపం ఆపి పంచాంగం తెరిచాడు. మంగళవారం, ఆరుద్ర నక్షత్రం, పైగా సాయంత్రం బయలుదేరే వేళకు రాహుకాలం. గురువారం మాత్రం పుష్యమి. ఏడాదంతా వెతికినా అలాంటి రోజు దొరకదు. ఎల్లుండి వెళదామని చెప్పి మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

ఎల్లుండికి ఈ అరుపు ఉండదని, ఈ ఎద కూడా జారిపోతే దసరాలోగా చూలు తేలదని నాగులమ్మకు తెలుసు. కానీ తనకు తెలిసిన దారిలో రెండుసార్లు ఓడిపోయి వచ్చిన మనిషి, అంత చదువు ముందు ఏమని వాదిస్తుంది? కొట్టంలోకి వెళ్లి ఆవు మెడ మీద చెయ్యి వేసి నిలబడింది.

అరుగు మీద కూర్చున్న స్వామి ఇదంతా విన్నారు. లేచి వంటింట్లోకి వెళ్లి మంగతాయారమ్మతో ఏదో చెప్పి వచ్చారు.

శర్మ పొద్దున ఏమీ తినడు. మధ్యాహ్నం ఒక్కపూటే అతనికి భోజనం. ఆ రోజు కాళ్లు కడుక్కుని వచ్చేసరికి అందరికీ విస్తళ్లు వేసి ఉన్నాయి, అతనికి తప్ప. గుత్తివంకాయ కూర వాసన వాకిలి దాకా వస్తోంది. స్వామి ముక్కు మీదికి కళ్లజోడు జార్చుకుని శర్మ పంచాంగం తిరగేస్తున్నారు.

"కూర్చో నాయనా. నీ భోజనానికి ముహూర్తం చూస్తున్నాను."

శర్మ నవ్వాడు. స్వామి నవ్వలేదు. ఒక పేజీ తిప్పి, వేళ్లు మడిచి లెక్క వేసి, పెదవి విరిచారు.

"ఇవాళ బాగాలేదు. ఎల్లుండి గురువారం పుష్యమి, దివ్యంగా ఉంది. ఎల్లుండి తిందువుగాని."

అందరూ తినడం మొదలుపెట్టారు. మంగతాయారమ్మ వేడన్నం మీద నెయ్యి వేస్తూ శర్మ వైపు చూడకుండా జాగ్రత్తపడింది. ఒక శిష్యుడు కావాలనే కూర మారు వడ్డించుకున్నాడు. స్వామి పచ్చడి నంజుకుని, బాగుందని ఆమెను మెచ్చుకున్నారు. శర్మ కాసేపు గోడకేసి చూశాడు, కాసేపు కప్పుకేసి చూశాడు. చివరికి బింకం వదిలేశాడు.

"స్వామీ, ఆకలేస్తోంది."

"ఇవాళ వేస్తే ఎలా నాయనా? ఎల్లుండి వెయ్యమని చెప్పు."

కొట్టంలోంచి చుక్కావు గట్టిగా అరిచింది.

శర్మ అటు తిరిగాడు. ఆవు మళ్లీ అరిచింది. అతని మొహం ఎర్రబడింది. లేచి కొట్టం వైపు అడుగులు వేశాడు.

స్వామి వెనక నుంచి పిలిచారు. పొద్దున అరిచిన ఆవును సాయంత్రం తీసుకెళ్లాలని, నాగులమ్మ ఇదివరకు రెండుసార్లూ కంగారుపడి పొద్దున్నే ఎండలో తరిమిందని, దాన్ని నీడన ఉంచి నీళ్లు పెట్టి నెమ్మదిగా నడిపించమని చెప్పారు. ఈలోగా వచ్చి తినమన్నారు. మంగతాయారమ్మ అప్పటికే విస్తరి వేసేసింది. శర్మ ఆ రోజు తిన్నంత తిండి ఆశ్రమంలో ఇంకెవరూ తినలేదు.

సాయంత్రం మంచి రాహుకాలంలో శర్మ ఆవుతో బయలుదేరాడు. దారిలో ఒకరిద్దరు అతన్ని చూసి తమకే వేళ తప్పిందేమోనని ఆకాశం వంక చూశారు. అతను మంత్రాలేమీ చదవలేదు, ఆ తీరిక దొరకలేదు. గొల్లపల్లె దగ్గరపడేసరికి ఆవే అతన్ని లాక్కుపోతోంది. ఇదివరకు మొహం తిప్పుకున్న ఆబోతు ఇప్పుడు పలుపు తెంచుకుని ఎదురొచ్చింది. శర్మ తాడు వదిలేసి కంచె దూకాడు. నాగులమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎంతగా నవ్విందంటే, మొగుడు పోయాక ఆమె అలా నవ్వడం అదే మొదటిసారని లింగమయ్య చెప్పుకున్నాడు.

చూలు నిలవకపోతే మూడు వారాలకు ఎద తిరగాలి. ఆ రోజులు దగ్గరపడ్డాక శర్మ జపం చేస్తున్నట్టే కూర్చుని, చెవి మాత్రం కొట్టం మీద ఉంచేవాడు. ఆవు దగ్గినా ఉలిక్కిపడేవాడు. ఆవు అరవలేదు. దసరాకు వచ్చిన మరిది ఆ మాట విని, సరే చూద్దామని వెనక్కి పోయాడు. కార్తీకంలో పశువుల డాక్టరు చెయ్యి పెట్టి చూసి చూలు నిలిచిందన్నాడు. నాగులమ్మ ఆశ్రమంలో అందరికీ బెల్లం పంచింది, ఆవుకు రెండు ముద్దలు.

జ్యేష్ఠంలో ఒక మధ్యాహ్నం ఆవుకు నొప్పులొచ్చాయి. ఉమ్మనీరు పోయి చాలాసేపైంది, కానీ దూడ ఒక కాలే బయటికి కనిపిస్తోంది. రెండోది లోపల మడతపడింది. డాక్టరు దూరంగా వేరే ఊళ్లో ఉన్నాడు. నాగులమ్మ చేతులు కీళ్లనొప్పులతో వాచి ఉన్నాయి. ఆమె చుట్టూ ఉన్నవాళ్ల చేతులు ఒక్కొక్కటిగా చూసి శర్మ దగ్గర ఆగింది.

"సామీ, నీ చెయ్యే సన్నం."

శర్మ ఉంగరం తీసి పారేశాడు. సబ్బుతో మోచేతిదాకా కడిగి నూనె రాసుకున్నాడు. ఆమె ఆవు తల దగ్గర కూర్చుని చెబుతుంటే అతను చేశాడు. నొప్పి వస్తే ఆగడం, తగ్గితే దూడను కొంచెం లోపలికి నెట్టడం, గిట్ట లోపల గీరకుండా అరచేతిలో మూసి ముందుకు తేవడం. చెమట కళ్లలోకి కారింది, చెయ్యి తిమ్మిరెక్కింది. రెండుసార్లు గిట్ట జారిపోయింది, మూడోసారి దొరికింది. రెండు గిట్టలూ పక్కపక్కన బయటికి వచ్చాయి. వాటి వెనకే చిన్న ముక్కు కనిపించింది. నాగులమ్మ ఏడుస్తూ నవ్వుతోంది.

అప్పుడు కొట్టం గుమ్మంలోకి స్వామి వచ్చి నిలబడ్డారు.

"శర్మా, వర్జ్యం నడుస్తోందే. కాసేపు ఆగమందామా?"

శర్మ తల తిప్పలేదు.

"పక్కకు జరగండి స్వామీ. వెలుతురుకు అడ్డంగా ఉన్నారు."

స్వామితో అలా మాట్లాడినవాళ్లు ఆ ఆశ్రమంలో లేరు.

స్వామి మొహం విప్పారింది. గబగబా పక్కకు జరిగారు. లోపలికి పడిన ఆ ఎండలోకి, తడితడిగా, చెవులు వేలాడేసుకుని, పెయ్యదూడ శర్మ ఒళ్లోకి జారింది.