చెంబు పట్టిన చేతులు

దస్తగిరి కాలేజీలో ఇంగ్లీషు చెప్తాడు. ఏ బాధకైనా సరైన మాట దొరికితే సగం బాధ తీరినట్టేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే ఈసారి ఆయన్ని నట్టేట ముంచింది.

తండ్రి కాశింసాబు పరుపులు కుట్టి కొడుకును చదివించాడు. నెలన్నర కిందట దూది బస్తా విప్పుతూ విప్పుతూ ఒక పక్కకు ఒరిగిపోయాడు. దస్తగిరి గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉండిపోయాడు. పక్కింటివాళ్ళు వచ్చి ఎత్తారు. పక్షవాతం. కుడివైపంతా పడిపోయింది. ఆ రోజు నుంచి దస్తగిరి ఆ గుమ్మం దాటి తండ్రి దగ్గరికి వెళ్ళలేకపోయాడు. అన్నం తినిపించేదీ, ఒళ్ళు తుడిచేదీ చెల్లెలు హుసేన్‌బీ. రేపు ఆమె అత్తగారింటికి వెళ్ళిపోవాలి. ఆ తర్వాత ముసలాయన నోట్లో ముద్ద పెట్టేవాళ్ళు లేరు.

దస్తగిరి వెళ్ళి గురువు ఫకీరప్ప తాత ముందు కూర్చున్నాడు. ఊరి బయట గుట్ట కింద తాత ఉంటాడు. ప్రతి శుక్రవారం ఎవరొచ్చినా అక్కడ భోజనం, ఆ రోజూ శుక్రవారమే. తినబోయే ముందు అందరి చేతుల మీదా తాతే నీళ్ళు పోస్తాడు. ఆ రాగి చెంబు ఇంకెవరూ ముట్టుకోరు. ఆయన గురువు కాలం నుంచీ అదే పద్ధతి.

"నాకేమైందో నాకే తెలీడం లేదు తాతా. పెరలైజ్డ్ అందామంటే అది నాయన రోగం పేరు. స్టన్డ్ అంటే కాసేపు దిమ్మెరపోవడం, నాది నెలన్నర. నంబ్ అంటే తిమ్మిరి, నాకు అన్నీ తెలుస్తానే ఉండాయి. హెల్ప్‌లెస్ అంటే దిక్కు లేనోడు. దిక్కు లేంది నాయనకు గదా, నాకు కాదు."

చెప్తూ చెప్తూనే ఏడ్చేశాడు. అన్ని మాటలు తెలిసిన మనిషి అలా ఏడుస్తుంటే ఎవరికైనా జాలేస్తుంది. తాత నవ్వలేదు, ఓదార్చనూ లేదు. భోజనాల వేళయింది. "చేతులు పట్టప్పా" అంటూ చెంబు తెచ్చాడు.

దస్తగిరి చేతులు చాపాడు గానీ మాట ఆపలేదు. "ఫ్రోజెన్ తాతా. అదీ సరైన మాట. నీళ్ళు గడ్డకట్టినట్టు. చెయ్యి ఉంటాది, కదలదు..."

తాత మణికట్టు వాలిపోయింది. చెంబు జారింది. నేల తాకేలోగా దస్తగిరి దాన్ని పట్టేసుకున్నాడు. సగం నీళ్ళు తాత లుంగీ మీద పడ్డాయి. "అయ్యో, తడిసిపోయినారే!" అంటూ కండువాతో తుడిచాడు. తాత చెయ్యి ఇంకా వాలిపోయే ఉంది. దాన్ని తన అరచేతిలోకి తీసుకుని, మిగిలిన నీళ్ళు మెల్లగా పోస్తూ వేళ్ళన్నీ కడిగాడు.

అప్పుడు చూసుకున్నాడు. పంక్తి అంతా తనవైపే చూస్తోంది. ఎవరూ ముట్టుకోని చెంబు తన చేతిలో ఉంది.

"తప్పయిపోయింది తాతా."

తాత దస్తగిరి చేతుల్ని చూశాడు.

"వీటికి ఇంగ్లీషు రాదేమో అప్పా" అన్నాడు.

చెంబు తీసుకుని, మళ్ళీ నింపి, పంక్తి చివరిదాకా పోసుకుంటూ వెళ్ళాడు. ఒక్క చుక్క పక్కకు పోలేదు.

ఆ సాయంత్రం హుసేన్‌బీ కంచంలో అన్నం కలుపుతుంటే దస్తగిరి ఇంట్లోని చెంబుతో నీళ్ళు తెచ్చాడు. గుమ్మం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి, రోజూ లాగే. లోపల కాశింసాబు కొడుకును చూశాడు. ఎడమచేత్తో తన కుడిచేతిని ఎత్తి, కొంచెం ముందుకు జరిపి పెట్టాడు.

దస్తగిరి లోపలికి వెళ్ళి పక్కన కూర్చున్నాడు. సూది పట్టీ పట్టీ కాయలు కాసిన ఆ వేళ్ళ మీద నీళ్ళు పోశాడు.

తండ్రి వంకరపోయిన నోటితో ఏదో అన్నాడు.

"ఏమంటాండాడన్నా?" అంది హుసేన్‌బీ.

"నీళ్ళు చల్లగా ఉండాయంట" అని, దస్తగిరి వేణ్ణీళ్ళ కోసం పొయ్యి దగ్గరికి నడిచాడు.