మేకకు పాలపుంత పాఠం చెప్పిన నక్క

కొండమీద దుర్భిణి గది ఉంది. దాని అరుగు కింద కాపురం పెట్టిన నక్క, లోపలివాళ్లు చెప్పుకునే ఆకాశం కబుర్లన్నీ విని, తనంత పండితుడు ఎక్కడా లేడని మురిసిపోయేది. పాండిత్యం పెరిగింది గాని కడుపు వీపుకంటుకుపోయింది.

కొండ కింద చేలో ఎరువు కోసం గొర్రెల మంద కట్టారు. కాపలా కుక్క చచ్చిపోయింది, కాపరి అన్నానికి ఊళ్లోకి పోయాడు. అయినా గుంపులో దూరితే పొట్టేళ్లు కుమ్ముతాయి. వాగు అవతలి మందకేమో కుక్కలున్నాయి. ఎలాగైనా ఈ గుంపును చెదరగొట్టాలనుకుంది నక్క.

చీకటి పడగానే వచ్చి, "ఒక్కచోటే పడుకున్నారేమిటర్రా, బతకాలని లేదా?" అంది.

"ఏమైంది మామా?" అంది మందకు దారి చూపే ముసలి మేక చుక్కి.

"ఆకాశంలో ఆ మసక మచ్చ చూడు. అదీ ఓ పుంతే, అంటే నక్షత్రాల మంద. మన పాలపుంత మీదకి వచ్చిపడుతోంది! గుంపుగా ఉంటే లాగేస్తుంది. విడివిడిగా పొదల్లో దాక్కోండి."

గొర్రెలు బెదిరి పొదలకేసి కదిలాయి. నక్కకు నోరూరింది.

"ఆగండర్రా!" అంది చుక్కి. "మామా, నీ అంత చదువు మాకేది? అసలా పుంతలెలా పుట్టాయో కాస్త చెప్పు."

ఆ మాటకు నక్క ఉబ్బిపోయి ఆకలి సంగతే మరిచిపోయింది.

"మొదట్లో పుంతలెక్కడివే పిచ్చిదానా! అంతా వాయువు. అదే అక్కడక్కడా చిక్కబడి చిన్న గుంపులైంది. గుంపులు కలిసి కలిసి ఇంతింత పుంతలయ్యాయి."

"కలవకుండా మిగిలిన చిన్నవో?"

"పెద్దది దగ్గరికొస్తే చీల్చి మింగేస్తుంది."

"రెండు పెద్దవి కలిస్తే చుక్కలు గుద్దుకుని చస్తాయా?"

"ఎవరన్నారు? మధ్యలో బోలెడు ఎడం. పక్కపక్కనుంచి జారిపోతాయి. వాయువులు కలిసినచోట కొత్త చుక్కలు కూడా పుడతాయి. అయినా అదంతా జరిగేసరికి వందల కోట్ల ఏళ్లు..." అని నాలుక్కరుచుకుంది.

"విన్నారుగా!" అంది చుక్కి మందతో. "చిన్నగా, ఒంటరిగా ఉంటేనే ముప్పు. పదండి, వాగు దాటి ఆ మందలో కలుద్దాం!"

రెండు మందలూ ఒకదానిలోకి ఒకటి జారిపోయాయి. ఎవరి తలా పగల్లేదు, దుమ్ము మాత్రం లేచింది. వాసన పట్టిన కుక్కలు నక్కను కొండ ఎక్కేదాకా తరిమాయి.

అరుగు కింద పడి రొప్పుతుంటే, లోపల ఎవరో అంటున్నారు: "వాయువు నిండుకున్న పుంతలో కొత్త చుక్కలు పుట్టవు. ఉన్నవి మెల్లగా ఎర్రబడి ఆరిపోతాయి." ఖాళీ కడుపుతో నక్క చెవులు మూసుకుంది.

తెలివి చూపించుకోవాలనే ఆత్రం ఉన్నవాడికి మోసం అచ్చిరాదు.