తడిసిన బొంతల అర్జీ

మెట్టపాలెంలో గవరయ్య, పైడయ్య అని ఇద్దరు అన్నదమ్ములుండేవారు. తెలివంటే తమదేనని వాళ్ళ నమ్మకం. నడిస్తే చెప్పులు అరిగిపోతాయని చంకలో పెట్టుకుని నడిచేవారు. "ఈ ఆలోచన ఊళ్ళో ఇంకెవడికైనా వచ్చిందట్రా?" అని తమ్ముణ్ణి అడిగి గవరయ్య తెగ మురిసిపోయేవాడు.

ఒకనాడు పంచాయతీ పాకకి నిప్పంటుకుంది. ఇంకేముంది, ఇద్దరూ ఇంట్లో బొంతలన్నీ నూతిలో ముంచి తెచ్చి మంటల మీద కప్పేశారు. పాక దక్కింది గానీ బొంతలు మసైపోయాయి. అవి గవరయ్య పెళ్ళాం నూకాలు పాత చీరలు పోగేసి కుట్టుకున్నవి. "మళ్ళీ బొంతలొచ్చాకే నేనొస్తాను" అని ఆవిడ పుట్టింటికి వెళ్ళి కూర్చుంది. ఆవిడ లేని ఇంట్లో పాపం గవరయ్యకి గంజి కూడా సయించలేదు.

మంట ఆర్పినవాళ్ళకి అయిన నష్టం సర్కారే పూడుస్తుందని ఎవరో చెబితే అర్జీ పెట్టాడు. కొన్నాళ్ళకి తమ్ముణ్ణి వెంటేసుకుని ఆఫీసుకి వెళ్ళి అడిగితే, "మీ అర్జీ కొట్టేశారయ్యా" అన్నాడు గుమాస్తా.

"పట్టపగలు ఆఫీసులోనే కొట్టేశారా? మరి దొంగ దొరికాడా బాబూ?" అన్నాడు గవరయ్య.

గుమాస్తా తల పట్టుకున్నాడు. "దొంగా లేడు, దొరా లేడు. ఒప్పుకోలేదని అర్థం. ఇంకో అర్జీ రాసి పైన పెట్టుకోండి."

అంతే, పైడయ్య నిచ్చెన తెచ్చాడు. కొత్త అర్జీ ఆఫీసు కప్పు మీద పెట్టి, గాలికి ఎగిరిపోకుండా దాని మీద గవరయ్య కూర్చున్నాడు. పెంకులు ఫెళ్ళుమన్నాయి. అర్జీతో సహా వెళ్ళి సరాసరి పెద్దాఫీసరు బల్ల మీద పడ్డాడు.

ఆఫీసరు దుమ్ము దులుపుకుని, కాగితం చదివి, "దీనికి ఆధారం ఏదయ్యా?" అన్నాడు.

గవరయ్య కప్పుకేసి చూశాడు. ఆధారం లేకే కదా కూలింది! ఆఫీసరు తెలివికి ముచ్చటపడి తమ్ముణ్ణి ఇంటికి తరిమాడు. పైడయ్య పశువుల పాక నడిమి గుంజ పీకి, మోసుకొచ్చి, ఆఫీసు కప్పు కింద నిలబెట్టాడు. అక్కడ ఇంటి దగ్గర పశువుల పాక కూలిపోయింది.

ఆఫీసరుకి ఓపిక అయిపోయింది. "ఆ రోజు ఏం జరిగిందో కళ్ళకి కట్టినట్టు చెప్పి బయల్దేరండి" అన్నాడు.

గవరయ్య భుజం మీది తువ్వాలు తీసి ఆయన కళ్ళకి గట్టిగా కట్టేశాడు. "ఇంకాస్త బిగించమంటారా బాబూ?" అని మర్యాదగా అడిగాడు కూడా.

"మీ బొంతలు మీకిప్పిస్తాను. ముందు ఇది విప్పండి నాయనా" అన్నాడు ఆఫీసరు.

బొంతలొచ్చాయి. గవరయ్య సంబరంగా వెళ్ళి నూకాల్ని తీసుకొచ్చాడు. ఆవిడ కొత్త బొంతలు తడిమి చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి గవరయ్యకి ప్రాణం లేచొచ్చింది. తీరా పెరట్లోకెళితే పశువుల పాక లేదు. వంటింట్లోకొస్తే పొయ్యి పక్కన గేదె పడుకుని నెమరేస్తోంది.

"మిమ్మల్ని చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది" అంది నూకాలు.

గవరయ్య ఒక్క గెంతు గెంతాడు. "ఒరే పైడీ, మీ వదినకి అంటుకుందిరా" అని అరిచాడు.

ఇంకేముంది, కొత్త బొంతలన్నీ నూతిలో మునిగాయి. నీళ్ళోడుతూ వచ్చి ఒకదాని మీద ఒకటి నూకాలి మీద పడ్డాయి. అడుగు నుంచి ఆవిడ ఏదో అంటోంది గానీ బొంతల బరువుకి వినపడలేదు.

గవరయ్య చెమట తుడుచుకుని, ఆ గుట్ట పక్కన చతికిలబడ్డాడు. "భయపడకే, ఆర్పేశాం. తమ్ముడూ, నువ్వెళ్ళి ఇంకో అర్జీ రాయించు. ఈసారి గుంజ మొయ్యక్కర్లేదు, ఆధారానికి మీ వదినే ఉంది."