అరువు కారు, ఆకుపచ్చ రాయి

ముందు దుప్పటి కప్పుకో. కాళ్ళు బయటపెట్టావా, కథ ఆపేస్తా, నా సంగతి తెలుసుగా. ఊఁ కొడుతూ ఉండు.

అనగనగా ఒక ఊళ్ళో మూడంటే మూడే బండ్లు. ఒకాయనకి జీపు, ఇంకొకాయనకి ట్రాక్టరు, నాగభూషణం అనే రైతుకి ఒక పాత కారు. ఫోను చెయ్యగానే ఆసుపత్రి బండి గుమ్మంలోకొచ్చే రోజులు కావు అవి.

ఆ ఊళ్ళోనే తిరపతమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు. ఉన్నదల్లా ఒక కూతురు, ఒక గేదె. కూతురు కోటేశ్వరి పురిటికి పుట్టింటికొచ్చింది. గేదె పాలమ్మితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఒకనాడు దీపాలు పెట్టేవేళ కోటేశ్వరికి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చి చూసి, "బిడ్డ అడ్డం తిరిగింది తల్లీ, నావల్ల కాదు. పట్నం తీసుకుపో" అంది. ఓరి నాయనో! పట్నమంటే పక్కవీధా?

అప్పుడు తిరపతమ్మ పరుగున జీపాయన ఇంటికెళ్ళింది. ఆయన డీజిలు లేదన్నాడు. ఆ తర్వాత ట్రాక్టరాయన ఇంటికెళ్ళింది. "మంగళవారం పూట బండి పరాయి చేతికివ్వం" అన్నాడు. నొప్పులు వారం చూసుకుని వస్తాయిటే? వాడి నోట్లో మన్ను పడ!

ఆ తర్వాత నాగభూషణం ఇంటికెళ్ళింది. ఆయన రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మబ్బు పట్టిందని హడావిడిగా బస్తాలకెత్తుకుని అప్పుడే ఇంటికొచ్చాడు. ఇంకా కాళ్ళైనా కడుక్కోలేదు. కారంటే ఆయనకి ప్రాణం. పిల్లలు దానిమీద చెయ్యేస్తే కర్ర పుచ్చుకుని వెంటబడేవాడు. అయినా ఆ తల్లి మొహం చూసి, తాళం తెచ్చి చేతిలో పెట్టాడు.

"చిన్న గీత పడినా నీదే పూచీ, తిరపతమ్మా" అన్నాడు.

"నాదే అన్నా. గేదెనిచ్చైనా సరే, నీ కారు బాగుచేయిస్తా" అంది. చూశావా, కంగారులో ఎంత మాటిచ్చేసిందో!

తిరపతమ్మ మరిది చలమయ్య లారీ నడిపినవాడు. అతనే కారు తోలాడు. ఊరు దాటి మలుపు తిరిగారో లేదో, కారు కింద దడేల్మని చప్పుడైంది. రాయేదో తగిలింది. దిగి చూసే వ్యవధానం ఎక్కడిది? వెనకసీట్లో కోటేశ్వరి గావుకేకలు పెడుతోంది. పోనిచ్చాడు.

పట్నం దీపాలు కనిపిస్తున్నాయి. అంతలో కారులో చలమయ్య ముందున్న చిన్న ఎర్రదీపం వెలిగింది. "వదినా, అడుగున పగిలి నూనె కారిపోతున్నట్టుంది. ఇప్పుడాపితే ఇంజను దక్కుతుంది. ఆపకపోతే పట్టేస్తుంది" అన్నాడు.

తిరపతమ్మ కూతురి వైపు చూసింది. కోటేశ్వరి అరవడం మానేసింది. కళ్ళు తేలేస్తోంది.

"ఆపకు. పోతే నాదే పూచీ" అంది.

ఆసుపత్రి గేట్లోకి వస్తూనే కారు గర్రుమని ఆగిపోయింది. మరి కదల్లేదు. కోటేశ్వరిని మంచమ్మీద మోసుకుంటూ లోపలికి తీసుకెళ్ళారు. తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. హమ్మయ్య అనుకుంటున్నావు కదూ? ఆగు, అసలు తంటా ఇప్పుడే.

పొద్దున తిరపతమ్మ బస్సులో వచ్చి ఆ మలుపు దగ్గర దిగింది. రోడ్డు మధ్యలో గుమ్మడికాయంత రాయి. దానికి ఆకుపచ్చ రంగు. ఆ రంగెవరిదో ఊళ్ళో పసిపిల్లకైనా తెలుసు. వడ్లు ఆరబోసినప్పుడు బండ్లు తొక్కకుండా అందరూ చుట్టూ రాళ్ళు పెడతారు కదా. నాగభూషణం తన రాళ్ళు ఎవరైనా ఎత్తుకుపోతారని, ఇంటి గేటుకి వేయగా మిగిలిన రంగు వాటికి పూశాడు. నిన్న హడావిడిలో వడ్లెత్తుకుపోయాడు గానీ ఈ ఒక్క రాయిని మరిచిపోయాడు.

నేనైతేనా, ఆ రాయి పట్టుకెళ్ళి నడివీధిలో నిలబెట్టి కడిగేసేదాన్ని! తిరపతమ్మ మాత్రం కిక్కురుమనలేదు. ఇంకెవరి బండికైనా తగులుతుందని ఆ రాయి నెత్తినెత్తుకుని ఇంటికి తెచ్చి, గేదె కుడితి తొట్టి ఒరిగిపోకుండా దాని కింద పెట్టింది.

ఆ తర్వాత నాగభూషణం పట్నం వెళ్ళి కారుని చూసుకుని లబోదిబోమన్నాడు. ఇంజను మొత్తం విప్పాలన్నారు. టీకొట్టు దగ్గర పెద్దలు కూర్చున్నారు. ఒకాయన, అడిగి తీసుకున్నవాళ్ళే కట్టాలన్నాడు. ఒకాయన, తోలినవాడు కట్టాలన్నాడు. ఇంకొకాయన మీసం దువ్వుకుంటూ, "అసలు ఇచ్చినవాడిదే బుద్ధి తక్కువ" అన్నాడు. ఎవరనుకున్నావు? డీజిలు లేదన్న జీపాయనే!

"నేను మాటిచ్చాను. దీపం వెలిగినా ఆపొద్దన్నదీ నేనే. గేదెని తోలుకెళ్ళన్నా" అంది తిరపతమ్మ.

కోటేశ్వరి బిడ్డనెత్తుకుని ఇంటికొచ్చి, తొట్టి కింద రాయి చూసింది. "అమ్మా, ఇది వాళ్ళ రాయేగా! చెప్పవేం? గేదె పోతే మనం ఏం తిని బతకాలి?" అని ఏడ్చింది. పురుటి నొప్పి తీరకుండానే ఆకలి బెంగ. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. తల్లి మాత్రం, "నోరెత్తావంటే నా మీద ఒట్టే" అంది.

మర్నాడు పొద్దున నాగభూషణం పలుపు తాడు పట్టుకుని వచ్చాడు. గేదె మెడకి తాడేసి లాగాడు. అది కదిలితేగా! నాలుగు కాళ్ళూ నిలదన్నేసింది. దూడ అంబా అని ఒకటే అరుపు. లోపల పసిది కూడా గుక్కపట్టింది. ఆయన మళ్ళీ లాగాడు. మూడోసారి బలంకొద్దీ లాగితే గేదె తుళ్ళిపడి తొట్టిని తన్నింది. తొట్టి ఒరిగింది. కుడితంతా ఒలికి, కింద ఆకుపచ్చ రాయి బయటపడింది.

నాగభూషణం తాడు వదిలేశాడు. వంగి రాయిని తడిమాడు. ఒక పక్క పెచ్చు లేచిపోయి ఉంది. దాని మీద నల్లగా నూనె మరక.

"ఇదెక్కడిది తిరపతమ్మా?"

"మలుపు దగ్గరిదన్నా."

ఆయన మొహం మాడిపోయింది. అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. "తెలిసి కూడా పదిమందిలో ఒక్క మాట అనలేదేం?" అన్నాడు.

తిరపతమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "మూడు గడపలు తొక్కానన్నా. తాళం ఇచ్చింది నువ్వొక్కడివే. ఇచ్చిన చేతినే అందరిలో వేలెత్తి చూపించాననుకో, రేపు ఇంకో ఆడపిల్లకి నొప్పులొస్తే ఈ ఊళ్ళో తాళం ఎవరిస్తారు?"

నాగభూషణం లేచి గేదె మెడ తాడు విప్పేశాడు. ఆ తర్వాత రాయిని భుజాన వేసుకుని, టీకొట్టు ముందునుంచే నడిచాడు. "ఏంటయ్యా, గేదెని తెస్తావనుకుంటే రాయిని తెస్తున్నావు?" అని జీపాయన నవ్వాడు.

"నా కారు పగలగొట్టిన దొంగ దొరికాడు. మా ఇంటివాడే" అన్నాడు నాగభూషణం.

మరి డబ్బెవరు కట్టారు అమ్మమ్మా అంటావు, నాకు తెలుసు. తిలాపాపం తలా పిడికెడు! రాయి తనదని ఇంజను బాగుచేయించింది నాగభూషణం. ఆపకన్నది తనేనని, కారు బాగై వచ్చేదాకా రోజూ ఆ ఇంటికి పాలు పోసింది తిరపతమ్మ. ఆయన వద్దన్నాడు. ఆవిడ వింటేగా!

ఆ తర్వాత కారు మళ్ళీ ఊళ్ళోకొచ్చింది. ఆ రోజునుంచి నాగభూషణం కారు తాళం పెట్టెలో దాచలేదు. వీధి గుమ్మం పక్కన మేకు కొట్టి తగిలించాడు. ఆపదొచ్చినవాళ్ళు తలుపు కూడా తట్టక్కర్లేదు, తీసుకుపోవడమే.

అయిపోయింది. కళ్ళు మూసుకో మా తల్లివి కదూ.

రాయి గట్టుకి, గేదె గాటికి,
తాళం మేకుకి, పాలు పాపకి,
కథేమో కంచికి, నువ్వేమో నిద్రకి!