ఉల్లిపాయలో దాక్కున్న తీపి

అనగనగా... ఊ కొట్టవే, ఊ కొట్టకపోతే కథ నడవదు. ఆఁ, అదీ! అనగనగా ఒక ఊళ్ళో భద్రయ్య అని సన్నాయి వాయించే ఆయన ఉండేవాడు. ఆయన సన్నాయి ఎత్తితే ఏడ్చే పిల్లలు కూడా నోరు మూసేవాళ్ళు, నీలాంటి మొండిఘటాలైనా సరే.

భద్రయ్యకి ఒక్కతే కూతురు, అచ్చాయమ్మ. అది చిన్నపిల్లగా ఉన్నప్పుడు పొద్దున్నే ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఒకే గిన్నెలో చద్దన్నం తినేవాడు. ఒక ముద్ద దానికి, ఒక ముద్ద తనకి, మధ్యమధ్యలో కరకరా ఉల్లిపాయ.

ఆ తర్వాత భద్రయ్యకి పేరొచ్చింది. ఎక్కడ పెళ్ళయినా ఆయన మేళమే. పెళ్ళివారు ముందు లడ్డూలు పెట్టేవాళ్ళు, తర్వాత జిలేబీలు, ఆ తర్వాత బొబ్బట్లు. తీపి తింటే పాట కూడా తియ్యగా వస్తుందనుకున్నాడు, పిచ్చి మారాజు! పైగా ఉల్లి కంపు తగిలితే సన్నాయికి అపచారమని చద్దీ మానేశాడు, ఉల్లీ మానేశాడు.

అప్పుడేమైంది? పొట్ట బిగుసుకుపోయింది. పొద్దున్నే చెంబు పట్టుకుని వెళ్ళేవాడు, వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చేవాడు. నవ్వకే! నవ్వితే నీకూ వస్తుంది. పొట్ట అలా ఉంటే ఊపిరెక్కడ నిలుస్తుంది? సన్నాయి నోట్లో పెట్టుకుంటే పీ మని ఆగిపోయేది.

సరిగ్గా అప్పుడే అచ్చాయమ్మ పెళ్ళి కుదిరింది. వాళ్ళ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆడపిల్ల మెడలో తాళి పడేటప్పుడు కన్నతండ్రే సన్నాయి ఊదాలి. "మా నాన్న ఊదకపోతే నేను పీటల మీద కూర్చోను" అని అచ్చాయమ్మ మొండికేసింది. పెళ్ళేమో దగ్గర పడుతోంది. భద్రయ్యకి దిగులు పట్టుకుంది.

మొదట ఆముదం తాగాడు. ఆ రోజంతా పరుగులే పరుగులు. మర్నాటికి మళ్ళీ కథ మొదటికొచ్చింది. తర్వాత పక్క ఊరి వైద్యుడి చూర్ణం మింగాడు. నోరంతా చేదు తప్ప ఏమీ కాలేదు. అప్పుడు వాళ్ళమ్మ సూరమ్మ చద్దన్నం గిన్నె తెచ్చి ముందు పెట్టింది, పక్కన ఉల్లిపాయ.

"ఛీ, ఉల్లా! వద్దే అమ్మా, తీపి ఏదన్నా పెట్టు" అన్నాడు.

"ఇందులోనూ తీపి ఉందిరా వెర్రినాగన్నా! లడ్డూ తీపి నాలిక్కి, ఉల్లి తీపి పేగుకి. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదంటారు. ఇవాళ తల్లే ఉల్లి పెడుతోంది, నోరు తెరు" అంది సూరమ్మ.

నిజమేనే. ఉల్లిపాయలో ఒక రకం చక్కెర దాక్కుని ఉంటుంది. అది మనకి అరగదు, తిన్నగా కింది పేగుల్లోకి పోతుంది. అక్కడ కంటికి కనపడని బుల్లి జీవాలుంటాయి, మీ టీచరమ్మ చెప్పిందే, బ్యాక్టీరియా అని, అవే. వాటికి అది పెళ్ళిభోజనం! సుబ్బరంగా తిని, బద్ధకంగా పడుకున్న పేగుని లేపుతాయి.

ఒక్క రోజులో అయిపోలేదులే. రోజూ ఉల్లిపాయ నంజుకుని చద్దన్నం తిన్నాడు, చెంబుల కొద్దీ మంచినీళ్ళు తాగాడు. పెళ్ళి ముందు రోజు పొద్దున్న చెంబు పట్టుకెళ్ళి, కూనిరాగం తీసుకుంటూ తిరిగొచ్చాడు. సూరమ్మ చూసి దండం పెట్టుకుంది.

ఇంక చూస్కో! తాళి కట్టే వేళ భద్రయ్య సన్నాయి ఎత్తాడు. డోలు వాళ్ళు ఆయన్ని అందుకోలేక చెమటలు కక్కారు. అచ్చాయమ్మ తలొంచుకుని ముసిముసిగా నవ్వుకుంది.

ఆ తర్వాత అప్పగింతలు. అచ్చాయమ్మ తండ్రిని వాటేసుకుంది. గుప్పున ఉల్లి వాసన కొట్టింది.

"నాన్నా, నా చిన్నప్పటి నాన్నవై మళ్ళీ వచ్చావు" అంది.

భద్రయ్య కళ్ళలోంచి జలజలా నీళ్ళు కారాయి. పెళ్ళివారంతా చూస్తున్నారని సిగ్గేసింది. కండువాతో తుడుచుకుంటూ, "ఏం లేదమ్మా, పొద్దున్న తిన్న ఉల్లిపాయ ఘాటు" అన్నాడు.

సన్నాయి సంచికి, ఉల్లిపాయ చద్దికి,
కథేమో కంచికి, నువ్వేమో నిద్దరికి!