మాట రాని చిలుక, ఎండిన గోరువంక

అనగనగా నీళ్ల మధ్య ఒక లంక. ఆ లంకలో ఒక బడి. కొమ్మే బల్ల, ఆకే పలక. ఆ బడికి పంతులమ్మ సారిక అనే గోరువంక.

మిగతా బళ్లు వద్దన్న పిల్లలే ఆమె దగ్గరికి వచ్చేవారు: కుంటి కొంగపిల్ల, చూపు ఆనని పాలపిట్ట, మాట రాని చిలుక. చిలుకకు మాట రాకపోవడమేమిటని నవ్వుతున్నారా? మీలో ఈల వేయడం రానివాళ్లు చెయ్యెత్తండి చూద్దాం!

ఆ చిలుక పేరు మొలక. వాడు ఒక్కసారి "అక్కా" అని పిలిస్తే వినాలని సారిక కోరిక. రోజూ పొద్దున్నే ముక్కుతో కొమ్మ మీద టొక్, టొక్ అని దరువు వేస్తూ, "అ... క్కా. అనరా నా బంగారూ!" అని బతిమాలేది. మొలక కళ్లు తిప్పేవాడు, తల వంచేవాడు, నోరు మాత్రం తెరిచేవాడు కాదు. పైగా ఆమె అటు తిరిగితే చాలు, తనూ కొమ్మను టొక్, టొక్ అని పొడిచేవాడు.

"ఆ వడ్రంగిపిట్ట వేషాలు మానెయ్. పాఠం విను!" అని కసిరేది సారిక.

వానలు వెళ్లాయి. మంచు వెళ్లింది. ఎండలు ముదిరాయి. పిలుపు రాలేదు. ఎక్కడ ఏ పిల్ల ఎవరిని పిలిచినా ఆమె చటుక్కున అటు తిరిగి చూసేది. మేతకు వెళ్లడం మానేసింది. స్నానం మానేసింది. ఈకలు రేగిపోయాయి.

ముందు కాకి వచ్చింది. "ఏం పంతులమ్మా, శిష్యుడు ఉపన్యాసం మొదలుపెట్టాడా?" సారిక నవ్వి ఊరుకుంది.

తర్వాత కొంగ వచ్చింది. "రాతికి నీళ్లు పోస్తే మొలకెత్తుతుందా తల్లీ?" ఈసారి నవ్వు రాలేదు.

చివరికి కాకి చేతనే నెమలిరాజు కబురంపాడు. "మా యువరాజుకు పాఠం చెప్పు. చెప్పకముందే నేర్చేసుకుంటాడు!" సారిక కళ్లనీళ్లతో సరేనంది.

తాను వెళ్తే, ఏ బడీ చేర్చుకోని మొలక మళ్లీ తన తొర్రలో ఒంటరివాడే. ఆ సంగతి తెలిసీ, వీడ్కోలు చెప్పడానికి బడి పక్క చెట్టు మీది గిజిగాడి మామ దగ్గరికి వెళ్లింది.

గిజిగాడు గూడు అల్లుతున్నాడు. "మామా, వెళ్లొస్తా. ఇక నా వల్ల కాదు."

మామ ఆమెను ఎగాదిగా చూశాడు. ఎండుగడ్డి పోచ ఒకటి వంచాడు. ఫట్! పచ్చిపోచ వంచాడు. చక్కగా ముడిపడింది.

"పచ్చిగా ఉంటేనే వంగుతుందే పిల్లా. నువ్వు ఎండుగడ్డివైపోయావు. నీళ్లలో మొహం చూసుకున్నావా? అచ్చం చీపురుకట్ట! పో, మునిగి, తిని, కునుకు తీసి, అప్పుడు వెళ్దువుగాని. అందాకా పిల్లల్ని నేను చూస్తాలే."

సారిక ఉడుక్కుంది. అయినా వెళ్లింది. మునిగింది. ఈతపళ్లు తింది. తుమ్మకొమ్మ నీడలో కునికింది.

మెలకువ వచ్చేసరికి నీళ్ల మీదుగా ఒక చప్పుడు. టొక్, టొక్. ఆగింది. మళ్లీ టొక్, టొక్.

"వడ్రంగిపిట్ట ఇలా రెండేసి పొడవదే!" అనుకుంది. తడి రెక్క విదిలించబోయి, అలాగే ఆగిపోయింది. ఆ దరువు తనదే. అ... క్కా.

ఇన్నాళ్లూ వాడు పిలుస్తూనే ఉన్నాడు. తానే కసిరి ఆపేసింది!

ఎలా ఎగిరిందో ఏమో, బడిలో వాలింది. మొలక ఆమె వెళ్లిన దిక్కుకే చూస్తూ కొమ్మను పొడుస్తున్నాడు. సారిక పక్కన చేరి మెల్లగా బదులిచ్చింది. టొక్. టొక్. టొక్. మొ... ల... కా. వాడు ఒక్క గెంతుతో ఆమె రెక్క కింద దూరాడు.

"చెప్పకముందే నేర్చుకునేవాడికి నేనెందుకట?" అని, తనను తీసుకెళ్లడానికి వచ్చిన కాకిని వెనక్కి పంపింది. ఆనాటి నుంచి మధ్యాహ్నం వేళ పిల్లల కాపలా మామకు, నీళ్లలో మునక సారికకు. నోటి పిలుపు కోసం ఆమె ఇప్పటికీ చెవి రిక్కిస్తూనే ఉంటుంది. కొమ్మ మీద పిలుపు వినిపించగానే పలుకుతుంది.

పచ్చిగడ్డే గూటికి వంగుతుంది. పరుల కోసం వంగేవారు ముందు తాము ఎండిపోకుండా చూసుకోవాలి.