పైడిరాజు గారి ఫైవ్ నైన్

మైకు పట్టుకునే ముందు కళ్ళు మూసుకుని కాసేపు వినడం ఇందుమతి గారి అలవాటు. రాజమండ్రిలో ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఆవిడ మేడ మీద గదిలో దూరదూరాల వాళ్ళతో మాట్లాడుకునే హామ్ రేడియో పెట్టుకున్నారు. నేర్చుకుంటామని వచ్చినవాళ్ళకు సెట్టు తిప్పడం వారంలో నేర్పేసేవారు. వినడం మాత్రం ఏళ్ళ తరబడి నేర్పుతూనే ఉండేవారు. ఆ వినడం దగ్గరే ముత్యాలరావుకు చిక్కొచ్చిపడింది.

అతనికి మెయిన్ రోడ్డులో కళ్ళజోళ్ళ కొట్టు. ఎవరు ఏ ఫ్రేము పెట్టుకున్నా "మీ కోసమే చేసినట్టుందండి" అనేవాడు. రేడియోలోనూ అదే వరస. ఇద్దరు పలకరించుకున్నాక, నీ గొంతు నాకెలా వినబడుతోందో చెప్పడం అక్కడి మర్యాద. స్పష్టంగా, గట్టిగా ఉంటే ఫైవ్ నైన్. అందీ అందక ఉంటే అంకెలు తగ్గుతాయి. ముత్యాలరావు నోట ఏనాడూ తగ్గలేదు. గరగరలాడినా ఫైవ్ నైనే, గుసగుసలాడినా ఫైవ్ నైనే. మనిషి మంచివాడు మరి, ఏం చేస్తాం.

ఇందుమతి గారు రెండు నెలలు నెల్లూరులో చెల్లెలి దగ్గర ఉండి తిరిగొచ్చిన మర్నాడు పొద్దున, కాఫీ తాగుతూ ఈ సంగతి కదిపారు. ముత్యాలరావు గ్లాసు కింద పెట్టి అడిగేశాడు.

"పెద్దవాళ్ళు మేడం, ముచ్చటపడి సెట్టు పెట్టుకుంటారు. బాగుందంటే పొంగిపోతారు. ఆ ఒక్క మాట అంటే ఎవరి సొమ్ము పోయింది?"

తెలుగువాళ్ళంతా రేడియోలో కలుసుకునే వేళయింది. ఈ పూట నువ్వే మాట్లాడమని మైకు అతని ముందుకు జరిపారు.

మొదట పలికింది పార్వతీపురం పైడిరాజు గారు. టెలిగ్రాఫ్ ఆఫీసులో చేసి రిటైరైన ఒంటరి మనిషి, ఆ గుంపులో అందరికీ బాబాయి. ఆయన గొంతు హోరు కింద ఎక్కడో నలుగుతోంది. అయినా ముత్యాలరావుకు బెంగేం లేదు. ఆయన రోజూ చెప్పేవి అవే కదా, మోకాళ్ళు, మబ్బులు, తిన్న టిఫిను. సగం వినబడకపోయినా తక్కిన సగం మనమే అల్లేసుకోవచ్చు. నవ్వుమొహంతో "ఫైవ్ నైన్ బాబాయ్" అనబోతుంటే ఇందుమతి గారు అతని చేతి మీద చెయ్యి వేసి ఆపారు.

"ఇప్పుడాయన ఏం చెప్పారో నాకు చెప్పు."

మోకాళ్ళ సంగతి అన్నాడు. ఆవిడ చెయ్యి తీయలేదు. 'సెలవు' అన్న ఒక్క మాట తప్ప నిజానికి అతనికేమీ అందలేదు. చివరికి మైకు మీట నొక్కాడు. మీ గొంతు త్రీ టూ, కష్టం మీద ఒకటీ అరా తెలుస్తోంది, చాలా రోజులుగా ఇంతే, నేనే మొహమాటానికి ఫైవ్ నైన్ అంటూ వచ్చాను, మళ్ళీ మెల్లగా చెప్పండి అన్నాడు. పెద్దాయన్ని పట్టుకుని నలుగురిలో ఇంత మాట అన్నానే అని తెగ బాధపడ్డాడు.

తర్వాత ఆ గొంతు ఒక్కొక్క మాటే విడదీసి చెప్పుకొచ్చింది. ఈ రోజుతో ఆఖరు, సెట్టు విప్పి ఎవరికైనా ఇచ్చేస్తున్నారట. కొచ్చిలో కురియన్ అని ఆయనకు పాత స్నేహితుడు. ఇక్కడి పలకరింపులయ్యాక సెట్టు మీది ముల్లు కాస్త జరిపి రోజూ అతనితో కబుర్లాడేవారు. కురియన్ కొత్తగా కట్టిన యాంటెన్నాను బట్టలారేసుకునే తీగ అని ఒకసారి వేళాకోళం చేశారు. అంతే, ఆనాటి నుంచి ఎంత పిలిచినా పలకడు. అందరితో ఖంగుమని మాట్లాడుతున్నాడు, అది ఈయనకు వినబడుతూనే ఉంది. ఈయన గొంతా, చక్కగా ఉందని అందరూ చెబుతున్నారు. ఇంటింటికీ ఫోను లేని రోజులవి, ఉత్తరం రాయడానికి అభిమానం అడ్డం. వినబడీ పలకలేదంటే ఏమనుకోవాలి? మనిషిని కాదనుకున్నాడనే అనుకున్నారు. ఆ మాటే చెబుతూ చెబుతూ ఆయన ఆగిపోయారు.

"త్రీ టూ అన్నావు కదూ అబ్బాయ్? ఇంత దగ్గర మీకే అందకపోతే అంత దూరం ఆడికేటందుతాది. అయితే ఆడికి నా మీద కోపం నేదన్నమాట."

ఆ హోరులోంచి నవ్వు మాత్రం బాగానే వినబడింది.

ఇందుమతి గారు పైడిరాజు గారినీ అటే రమ్మని, ముల్లు జరిపి కురియన్‌ను పిలిచారు. అతను వెంటనే పలికాడు. ఆ వేళాకోళానికి తను ఎదురన్న మాటకు పైడిరాజు ఒళ్ళు మండి సెట్టు ముట్టుకోవడమే మానేశాడనుకున్నాడట, రోషం కొద్దీ తనూ పిలవలేదట. ఇద్దరూ ఇద్దరే. మాట అందని ఇద్దరికీ మధ్య మూడోవాళ్ళు మాట మోయడం రేడియోవాళ్ళ ఆచారం. ఆవిడ కళ్ళు మూసుకుని, ఆ గొణుగుడులోంచి మాటలు ఏరి ఒక్కటీ వదలకుండా కొచ్చికి చేరవేశారు. పైడిరాజు గారు పంపిన తొలి కబురు క్షమాపణేం కాదు, ఆ తీగ ఇంకా తెగలేదా అని. కురియన్ విరగబడి నవ్వాడు. సెట్టు విప్పే మాట మళ్ళీ రాలేదు. విజయనగరం మిత్రుడొకరు తనే వెళ్ళి గొంతును దూరం పంపలేక నీరసించిన వాల్వు మార్చి వస్తానని మాటిచ్చాడు.

అంతా అయ్యాక ముత్యాలరావు చల్లారిన కాఫీయే హాయిగా తాగాడు. గుండె బరువు దిగింది కానీ మొహం మాత్రం చిన్నబోయింది. ఇన్నాళ్ళ ఫైవ్ నైన్లకు పొంగని మనిషి ఒక్క త్రీ టూకి అంత సంబరపడ్డాడేమిటి మేడం అన్నాడు. ఆ వెంటనే సంజాయిషీ చెప్పుకోబోయాడు.

"ఆయనంటే మాకందరికీ ఎంత ఇష్టమో మీకు తెలియందా?"

"ఇష్టమే నాయనా," అన్నారు ఇందుమతి గారు. "ఆయన చెప్పేది వినేంత ఇష్టం కాదు."